ఏడో చుక్క దగ్గర ఆగే గీత: కూపర్ వీధి గడపమ్మ

ఇంగ్లండులోని ఎల్మ్‌బరీ పట్టణంలో రైలు దిగి, ఎడమవైపు నదిదారి పట్టుకుని పన్నెండు నిమిషాలు నడిస్తే కూపర్ వీధి వస్తుంది. ఒకప్పుడు పీపాలు చేసే వడ్రంగులు ఇక్కడ ఉండేవారు కనుక వీధికి ఆ పేరు. వీధికి రెండు వైపులా ఒకదానికొకటి ఆనుకుని నిలిచిన ఎర్ర ఇటుక ఇళ్ళు ముప్పై ఒకటి ఉన్నాయి. వాటిలో పద్నాలుగో నంబరు ఇల్లు శ్రీ గడపమ్మ సన్నిధి. గోపురం కోసం తల పైకెత్తి వెతికే భక్తులు చాలాసార్లు ఈ ఇల్లు దాటి వెళ్ళిపోతుంటారు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. అమ్మవారు వాకిలి మెట్టు రూపంలో వీధిలోనే ఉంది. తల దించి నడిచేవారికే మొదట కనిపిస్తుంది.

ఈ ఇంటిని 1768లో ఒక ఉన్ని వర్తకుడు కట్టించాడు. వీధి ముఖం ఇరవై రెండు అడుగులు, లోతు నలభై ఆరు అడుగులు. స్థలం ఇరుకు కనుక ఇల్లు పైకి పెరిగింది. నేల కింద వంటిల్లు, వీధి మట్టంలో నడవ, భోజనాల గది, దానిపైన చుట్టాలు కూర్చునే పెద్ద గది, ఆపైన పడకగదులు, కప్పు కింద పనివాళ్ళ గదులు. గోడలో ఇటుకలను ఒకటి పొడుగ్గా, ఒకటి అడ్డంగా పేర్చారు. కిటికీ తలుపులు మన ఇళ్ళలోలా రెక్కలు విప్పవు. తాళ్ళ మీద పైకీ కిందికీ జారతాయి. ఎడమ పక్కన ఒక కిటికీ ఉండవలసిన చోట కిటికీ ఆకారంలో ఇటుకలే కనిపిస్తాయి. ఆ కాలంలో ఇంటి కిటికీలు లెక్కపెట్టి పన్ను వేసేవారు, అందుకని చాలా ఇళ్ళలో ఒకటి రెండు ఇలా మూసేశారు. వాకిలి పైన అద్దాలు బిగించిన అర్ధచంద్రం ఉంది. చూడడానికి విప్పిన విసనకర్రలా ఉంటుంది. తలుపుకు ఇత్తడి కడియం వేలాడుతుంది. గుడి గంటకు బదులు భక్తులు దీన్నే ఒక్కసారి తట్టి లోపలికి వెళతారు. ఈ ఇల్లు రక్షిత కట్టడం. ముఖభాగంలో ఒక మేకు కొట్టడానికి కూడా అనుమతి లేదు. అందుకే మామిడాకుల తోరణం నడవలోని రెండో తలుపుకు కడతారు.

వాకిలికి మూడు మెట్లు. కింది రెండూ మామూలు మెట్లే, తొక్కవచ్చు. పై మెట్టు నాలుగు అడుగుల పొడవు, పద్నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న సున్నపురాయి. ఆ రాయే అమ్మవారు. దాన్ని తొక్కకుండా దాటాలి. పార్సిల్ లోపల పెట్టవలసి వస్తే పోస్టుమాన్ కూడా కాలు చాచి దాటే వస్తాడు. దాటలేని వృద్ధులకు పెరటి గుమ్మం తెరిచి ఉంటుంది.

అమ్మవారు ఇక్కడ వెలసిన వృత్తాంతానికి ముఖ్య ఆధారం ఈ ఇంట్లో పెరిగిన హ్యారియట్ అనే ఆమె డెబ్బయ్యో ఏట రాసుకున్న నోటుపుస్తకం. అది ఇప్పుడు పట్టణ గ్రంథాలయంలో ఉంది. అందులో లేని కొన్ని సంగతులు భక్తుల నోట నిలిచినవి. రెండూ కలిపి చెబుతున్నాం.

పూర్వం ఈ ఇంట్లో పెల్హాం అనే పెద్ద దొరసాని ఒంటరిగా ఉండేది. ఆమె ఒక్కగానొక్క కూతురు పెళ్ళి చేసుకుని భర్తతో విశాఖపట్నం వెళ్ళి, అక్కడ జ్వరంతో చనిపోయింది. అల్లుడు కొలువు వదిలి రాలేక, అయిదేళ్ళ కూతురు హ్యారియట్‌ను ఓడ ఎక్కించి అమ్మమ్మ దగ్గరికి పంపాడు. పిల్లకు తోడుగా వచ్చిన ఆయా పేరు ఎర్నమ్మ. ఆమెది భీమునిపట్నానికి ఆమడ దూరంలోని ఒక పల్లె. ఎర్నమ్మ సొంత పాప మూడో నెలలోనే పోగా, ఆమె పాలు తాగి పెరిగింది హ్యారియట్. వాళ్ళు ఈ వాకిలి ముందు బండి దిగింది 1829 అక్టోబరులో.

దొరసాని కఠినురాలని వీధిలో పేరు. కూతురు పోయాక ఆమె ఎవరి ముందూ ఏడవలేదని నోటుపుస్తకంలో ఉంది. మనవరాలికి ఇంగ్లీషు అర్థమవుతుంది గాని, తల్లి పోయిన నాటి నుంచి ఆ భాషలో ఒక్క మాట పలకలేదు. ఎర్నమ్మ చెవిలో మాత్రం తెలుగులో గుసగుసలాడేది. "ఆ భాష పోతేగాని మన భాష రాదు. ఆయా మార్చి దాకా ఉంటుంది, తరవాత ఓడలో వెళ్ళిపోతుంది" అని దొరసాని మొదటి రోజే తేల్చి చెప్పింది.

ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మార్తా అనే పెద్దావిడ ఉండేది. పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని పై మెట్టు కడిగి, తెల్లరాయి పెట్టి రుద్ది పాలలా తెల్లగా చేయడం ఆమె మొదటి పని. ఆ రోజుల్లో ఇంగ్లండులో మర్యాదగల ఇళ్ళన్నిటా ఇదే ఆచారం. మెట్టు తెల్లగా లేని ఇంటిని చులకనగా చూసేవారు.

ఎర్నమ్మ మొదటి ఉదయం తలుపు పక్కన నిలబడి ఇదంతా చూసింది. ఈ దేశంలో కూడా గడపకు పూజ ఉందన్నమాట అనుకుని ఆమె మనసు తేలికపడింది. మార్తా ఇప్పుడు ముగ్గు వేస్తుందని కాచుకుంది. మార్తా బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు. పాపం, పెద్దావిడ మరిచిపోయింది అనుకుంది ఎర్నమ్మ. తెల్లరాయి మీద తెల్లపిండి కనిపించదు. వంటింట్లో కత్తులు తోమడానికి నూరి పెట్టిన ఇటుక పొడి కనిపించింది. మన ఊళ్ళలో ఎర్రమట్టి అలికి తెల్లగీత గీస్తాం. ఆమె తెల్లరాయి మీద ఎర్రగీత గీసింది. మూడు వరసల్లో మూడేసి చుక్కలు, వాటిని చుట్టి వచ్చే ఒకే మెలిక. గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది.

పావుగంట తరవాత మార్తా బయటికి వచ్చి చూసి, ఎవరో తుంటరులు పాడుచేశారనుకుని మళ్ళీ కడిగింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎర్రపొడి అంటిన చేతులతో ఉన్న ఎర్నమ్మను పట్టుకుంది.

"నువ్వా! నా మోకాళ్ళు ఇనుముతో చేశారనుకున్నావా? రోజుకు రెండుసార్లు కడిగిస్తున్నావు. పైగా నా కత్తుల పొడి! వచ్చేటప్పుడు, పోయేటప్పుడు మెట్టు తొక్కకుండా మేకలాగా గంతులు వేస్తావు, అదొకటి!"

ఎర్నమ్మకు సగం అర్థమైంది. జవాబు మాత్రం తన భాషలోనే వచ్చింది. "సగం పని సేసి ఒగ్గేత్తావేటమ్మా? పిల్లకి తానం సేయించి బొట్టెట్టకుండా ఒగ్గేత్తామా?" అని, పక్కన నిలబడ్డ హ్యారియట్ నుదుట ఎర్రపొడి వేలితో బొట్టు పెట్టి చూపింది.

పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. మార్తా చేతిలోని బకెట్ దింపి పిల్లను చూసింది. తరవాత, "పొడి కొంచెమే తీసుకో. కత్తులకు ఉండాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి తెలుపు మార్తాది, గీత ఎర్నమ్మది. ఒకరి పని మరొకరు ముట్టలేదు. మార్తాకు మెట్టు కాగానే పొయ్యిలు వెలిగించే పని ఉండేది. కనుక ముగ్గు వేస్తుండగా ఆమె ఒక్కనాడూ నిలబడి చూడలేదు. చూసింది ఒక్కరే. పై అంతస్తు కిటికీ దగ్గర కాఫీ తాగుతూ పెద్ద దొరసాని ప్రతి ఉదయం మొదటి చుక్క నుంచి చివరి మలుపు దాకా చూసేది. వీధివాళ్ళు వింతగా చెప్పుకుంటున్నారని మార్తా ఒకసారి అంటే, "వాన వస్తే పోయేదే కదా, ఉండనీ" అన్నదట.

ఇక్కడే ఎర్నమ్మ ఒక పొరపాటు చేసింది. లేవగానే రొట్టె కావాలని కొంగు పట్టుకుని లాగే పిల్లను కాసేపు ఆపడానికి, "ముగ్గెట్టకముందు ముద్ద ముట్టకూడదే. అమ్మోరు సూత్తాది" అనేది. పని తెమిలేదాకా ఊరుకోబెట్టడానికి తల్లులు అనే మాట అది. అయిదు నెలలపాటు రోజూ అన్నది. పిల్ల దాన్ని శాసనంగా తీసుకుందని ఆమెకు తెలియదు.

మార్చి వచ్చింది. పిల్ల నిద్రలో ఉండగానే వెళ్ళిపోవాలని దొరసాని ఆజ్ఞ. తెల్లవారుతుండగా ఎర్నమ్మ ఆఖరిసారి ముగ్గు వేసి, మెట్టు దాటి, బండి ఎక్కింది. వాకిట ముగ్గు ఉంది కనుక పిల్ల ఆ పొద్దున రొట్టె తిన్నది. మధ్యాహ్నం వానకు ముగ్గు కరిగిపోయింది.

మరునాడు హ్యారియట్ కిందికి దిగి వచ్చి వాకిట చూసింది. మెట్టు తెల్లగా, ఖాళీగా ఉంది. నడవలో నేల మీద కూర్చుంది. రొట్టె తెస్తే తల తిప్పుకుంది. ఆ రోజు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రెండో రోజూ అంతే. డాక్టరు వచ్చి నాడి చూసి, జబ్బేమీ లేదు, మొండితనం అన్నాడు. మూడో రోజుకు పిల్ల కూర్చోలేక గోడకు ఆనుకుని పడుకుంది. కళ్ళు మాత్రం వాకిలి మీదే.

మార్తాకు అనుమానం వచ్చింది. ఇటుక పొడి తీసుకుని మెట్టు మీద తోచినట్టు గీసింది. పిల్ల తల ఎత్తి చూసి, మళ్ళీ గోడవైపు తిరిగింది. మార్తా మెట్టు శుభ్రం చేసి, దొరసాని ఉండగా పిలవనిదే ఎప్పుడూ అడుగుపెట్టని పెద్ద గదిలోకి, తడి చేతులతోనే వెళ్ళింది.

"అమ్మగారూ, పిల్లకు కావలసింది ఆ బొమ్మ. నాకు రాదండి. నా పని కాగానే లోపలికి పోయేదాన్ని, ఒక్కరోజూ చూడలేదు. చూసింది మీరే."

"నన్ను వీధిలో మెట్టు మీద మోకాళ్ళు వేయమంటున్నావా, మార్తా?"

"నేను ముప్పై ఏళ్ళుగా వేస్తున్నానండి. దానివల్ల ఎవరూ చావలేదు."

దొరసాని ఆమెను బయటికి పొమ్మంది. కుర్చీలో అలాగే కూర్చుని మిట్టమధ్యాహ్నం వేళ కునుకు తీసింది. ఆ కునుకులో తన వాకిలి తలుపు తానే తెరిచినట్టు కల వచ్చింది. మెట్టు మీద ఒక స్త్రీ వంగి గీత గీస్తోంది. ముఖం కనిపించదు, పాపిట ఒక్కటే కనిపిస్తోంది.

"ఎవరి ఇంటి పనిమనిషివి?" అని దొరసాని అడిగింది.

"నువ్వు రోజూ తొక్కే మెట్టుని. అయిదు నెలలు పైనుంచి చూశావు. నా ముఖం చూడాలంటే కిందికి దిగి వంగాలి. నీ బిడ్డ ఆకలి నీ మోకాళ్ళ దగ్గర ఆగి ఉంది" అని ఆ స్త్రీ పలికింది.

దొరసాని లేచి మెట్లు దిగింది. "మార్తా, కత్తుల పొడి తే" అంది. మార్తా పొడితో పాటు తను మోకాళ్ళ కింద వేసుకునే గోనెపట్ట కూడా తెచ్చి రెండో మెట్టు మీద పరిచింది. నల్ల పట్టుగౌనులో ఉన్న పెద్ద దొరసాని, జనం తిరిగే వేళ, తన ఇంటి మెట్టు ముందు మోకరిల్లింది. పీపాలు మోసుకుపోతున్న బండి ఆగిపోయింది. ఎదురింటి తెర కదిలింది. ఆ ఇంటామె గడప దాకా వచ్చి, "ఏమైనా పడిపోయిందా, శ్రీమతి పెల్హాం?" అని పలకరించింది.

"అవును, వెతుకుతున్నాను" అంది దొరసాని, తల ఎత్తకుండానే.

తొమ్మిది చుక్కలూ సరిగ్గానే పడ్డాయి. గీత మొదలుపెట్టింది. ఆరు చుక్కల దాకా తిన్నగా సాగింది. కానీ ఆమె ఇన్నాళ్ళూ చూసింది పైనుంచి, ఇంటి వైపు నుంచి. ఇప్పుడు కూర్చున్నది వీధి వైపు. ఏడో చుక్క దగ్గర ఎటు తిప్పాలో తెలియలేదు. చేయి ఆగిపోయింది. పొడి వేళ్ళ సందుల్లోంచి జారుతోంది.

నడవలో చిన్న పాదాల చప్పుడయింది. హ్యారియట్ గోడ పట్టుకుని వచ్చి, గుమ్మం లోపల గొంతుకూర్చుని, ఏడో చుక్క పక్కన వేలు పెట్టింది.

"ఇటు కాదే అమ్మమ్మా. అటేపు తిప్పు."

దొరసానికి అందులో ఒక్క మాట తెలియదు. చిన్నవేలు ఎటు వెళితే తన వేలు అటు పోనిచ్చింది. ఎనిమిది, తొమ్మిది చుక్కలు దాటి గీత మొదటికి వచ్చి కలిసింది. ఆ క్షణాన మెట్టు మీదికి వంగిన దొరసానికి రాతిలో ఒక ముఖం కనిపించిందని, అది చనిపోయిన కూతురి ముఖంలా ఉందని భక్తులు చెబుతారు. నోటుపుస్తకంలో ఇంతే ఉంది: "అమ్మమ్మ ఏడ్చింది. నేను ఆమె ఒళ్ళో కూర్చున్నాను. మార్తా పాలలో రొట్టె నానబెట్టి తెచ్చింది. అమ్మమ్మ చెంచా పక్కన పెట్టి తన చేత్తో తినిపించింది. చేతికి ఇటుక పొడి ఉండడం వల్ల రొట్టె ఎర్రగా ఉంది. అంత రుచి మళ్ళీ ఎరగను."

దొరసాని అప్పటికప్పుడు బండివాడు సైలస్‌ను గుర్రం మీద రేవుకు పంపింది. గాలి అనుకూలించక ఓడ ఇంకా కదలలేదు. ఎర్నమ్మను వెనక్కి రమ్మన్నారని, జరిగినదంతా ఆమెకు తెలిసిన ఇంగ్లీషు ముక్కల్లో సైలస్ చెప్పాడు. ఆమె కూడా ఆ ముక్కల్లోనే రెండే ప్రశ్నలు అడిగింది.

"ఎవురెట్టారు ముగ్గు?"

"పెద్ద దొరసాని."

"మోకాళ్ళేసిందా?"

వేసిందని సైలస్ తన మోకాళ్ళు తట్టి చూపించాడు. ఎర్నమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడ్చిందో నవ్విందో సైలస్ చెప్పలేకపోయాడు. తరవాత, "అయితే నాకింక అక్కడ పనేటుంది బాబూ? బిడ్డకి మనిషి దొరికింది. నా గడప కాడికి నానెలిపోతాను" అని, కొంగు ముడిలోంచి ఒక పసుపు కొమ్ము తీసి ఇచ్చింది. మరునాడు గాలి తిరిగింది. ఆ ఏడాది ఆ ఓడ ప్రయాణికుల జాబితాలో "ఆయా, ఒకరు" అని మాత్రమే ఉంది. పేరు లేదు.

దొరసాని పసుపు అరగదీయించి మెట్టుకు రాసింది. రెండేళ్ళ తరవాత మోకాళ్ళు వంగని స్థితి వస్తుండగా, మేస్త్రీని పిలిపించి ఆ ముగ్గునే రాతిలో చెక్కించింది. తన తరవాత ఎవరు కూర్చున్నా దారి తప్పకూడదని ఆమె ఉద్దేశం. ఆమె పోయాక ఇల్లు చేతులు మారింది. చెక్కిన గాడిలో నీరు నిలిచి చలికాలం గడ్డకడుతోందని ఎవరో యజమాని రాయి తిరగవేయించాడు. అరిగిన మెట్లను బోర్లించి వాడడం ఆ దేశంలో మామూలే. అమ్మవారు దాదాపు వందేళ్ళు నేలను చూస్తూ ఉండిపోయింది.

1974లో ఈ ఇంటి కప్పు కింద గదిలో సత్యవేణి అనే తెలుగు నర్సు అద్దెకు ఉండేది. ఒక ఉదయం డ్యూటీకి బయలుదేరేసరికి, చెమ్మ బాగుచేయడానికి వచ్చిన తాపీవాళ్ళు పై మెట్టు పెకలించి గోడకు నిలబెట్టి ఉంచారు. అడుగున గీతలు కనిపించాయి.

"పాత మేస్త్రీల గుర్తులమ్మా, పట్టించుకోకండి" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

"గుర్తులు కావండీ, చుక్కలు. తొమ్మిదున్నాయి, లెక్కపెట్టండి" అని, సత్యవేణి యూనిఫారంలోనే మోకాళ్ళ మీద కూర్చుని, గాడిలో వేలు పెట్టి, తీయకుండా చుట్టూ తిప్పి మొదటికి తెచ్చింది. పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె ఆ రోజు డ్యూటీకి గంట ఆలస్యంగా వెళ్ళింది. గాడిలో అప్పటికీ పసుపురంగు ఉందని ఆమె చెప్పింది. అది పసుపేనని భక్తుల నమ్మకం. రాతిలోని ఇనుము వల్ల వచ్చిన తుప్పని పురావస్తు శాఖవారి అభిప్రాయం. రెండూ ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం.

రాయి తిరిగి నిజముఖంతో నిలిచింది. తరవాత కాలంలో చుట్టుపట్ల తెలుగు కుటుంబాలు కలిసి ఇంటిని తీసుకుని సన్నిధిగా చేశాయి. నేటికీ ఉదయం ఏడు గంటలకు వచ్చిన మొదటి భక్తులు మెట్టు కడిగి తెల్లరాయితో రుద్దుతారు. ముగ్గు మాత్రం వేరొకరు వేయాలి. రెండూ ఒకే చేయి చేయకూడదు. ముగ్గుకు ఇటుక పొడే వాడతారు. మోకాళ్ళ కింద గోనెపట్ట పరుస్తారు, పట్టుచీర కట్టుకున్నవారికైనా అదే. ముగ్గు పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ తినరు. ప్రసాదం పాలలో నానిన రొట్టె. ఆ నాటి ఎర్రదనానికి గుర్తుగా అందులో బెల్లం కలుపుతారు. అక్కడున్న వారిలో పెద్దామె చేత్తోనే పెడుతుంది.

కొత్త దేశంలో కొత్త ఇంట్లో దిగినవారు తాళంచెవి తెచ్చి మెట్టు మీద ఒక నిమిషం ఉంచి తీసుకుంటారు. ఆ ఇంట్లో వారికి పరాయితనం ఉండదని విశ్వాసం. మాట ఆలస్యమైన పిల్లలను, భాష మారి మూగబోయిన పిల్లలను తల్లిదండ్రులు దూరప్రాంతాల నుంచి తీసుకువస్తారు. వారిని గుమ్మం లోపల, హ్యారియట్ కూర్చున్న చోట కూర్చోబెడతారు.

ముగ్గు వేసే పెద్దామె చుక్కలు పెట్టి గీత మొదలుపెడుతుంది. దారి రాతిలోనే చెక్కి ఉంది. కళ్ళు మూసుకుని కూడా వేయవచ్చు. అయినా ఏడో చుక్క దగ్గర చేయి ఆపుతుంది. ఆపి, తెలియనట్టు, పిల్లల వైపు చూస్తుంది. ఎంతసేపైనా సరే, ఎవరూ తొందరపెట్టరు. పాలు చల్లారితే మళ్ళీ వెచ్చబెడతారు. లోపలి నుంచి ఒక చిన్నవేలు వచ్చి, ఏ భాషలోనైనా, ఏ యాసలోనైనా "ఇటు కాదు" అనాలి. ఆ తరవాతే గీత కలుస్తుంది.